మూడు కత్తెరలు చాలన్నారు

మొన్న పొద్దున ట్రామ్‌లో ఆఫీసుకి పోతుంటే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో అక్క ఒక ఫోటో పెట్టింది. తిరుపతిలో దాని కూతురికి పుట్టువెంట్రుకలు తీయించారు. నున్నటి గుండు మీద గంధం, చేతిలో లడ్డు ముక్క, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ ముక్కు. ఇంకేముంది, గ్రూపంతా హార్టులే. 'బంగారుకొండ' అని ఒకరు, 'దిష్టి తియ్యండే' అని ఇంకొకరు. నేను దానికి సొంత పిన్నిని, ఏదో ఒకటి పెట్టాలి కదా. ఫోన్ మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నాను. తల ఎత్తేసరికి నేను దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు అయిపోయాయి.

నాకు చిన్నపిల్లల గుండు చూస్తే భయం. ఎవరికీ చెప్పను. చెబితే నవ్వుతారు. తిరుపతి పోయొచ్చిన ప్రతివాడికీ గుండే, దానికి భయమేందే అంటారు. మా ఇంట్లో వాళ్ళకి మాత్రం సంగతి తెలుసు. తెలిసినా ఆ మాట ఎవరం ఎత్తం. ఇన్నేళ్ళూ ఎత్తలేదు. ఇవాళ చెప్పేస్తాను, ఏమైతే అదవుతుంది.

నాన్నకి జర్మనీలో ఉద్యోగం చేసుకునే బ్లూ కార్డ్ వచ్చి మేం అక్కడ ఎల్బే నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి చేరేటప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, అక్కకి పద్నాలుగు. కాంక్రీటు పలకలు నిలబెట్టి కట్టిన ఐదంతస్తుల బిల్డింగు, లిఫ్టు లేదు. మాది మూడో అంతస్తు. ఆవిడది నాలుగో అంతస్తు, సరిగ్గా మా నెత్తి మీద. పొద్దున్నే ఆవిడ చెప్పుల చప్పుడు మా సీలింగు మీద టపటపా వినిపించేది. దాన్నిబట్టి అమ్మ పాలు పొయ్యి మీద పెట్టేది.

ఆవిడ మా ఇంటికి మొదటిసారి వచ్చింది ఎండుమిర్చి ఘాటుకి. అమ్మ పచ్చడి కోసం గుప్పెడు మిరపకాయలు నూనెలో వేయించింది. కిటికీలన్నీ తీసినా మెట్లమీద దగ్గులు మొదలయ్యాయి. ఆదివారం కావడంతో యూనివర్సిటీలో చదివే తెలుగు అన్నలు ముగ్గురు భోజనానికి వచ్చి ఉన్నారు. బెల్లు మోగింది. "అయిపాయె, కంప్లైంటొచ్చింది," అని నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ లేచాడు. తలుపు తీస్తే నాన్న భుజం అంత ఎత్తున్న ముసలావిడ, కళ్ళనిండా నీళ్ళు, ముక్కుకి రుమాలు. "ఇది వంటా, లేక ఎవరినైనా చంపుతున్నారా?" అని అడిగింది. స్కూల్లో అప్పటికి పట్టుబడ్డ జర్మన్‌తో నేను అర్థం చేసుకుని తెలుగులో చెప్పగానే అన్నలు పడీపడీ నవ్వారు. అమ్మ సిగ్గుపడిపోయి, చిన్న గిన్నెలో ఇంత పచ్చడి పెట్టి ఇచ్చింది.

మర్నాడు ఆ గిన్నె తిరిగి వచ్చింది, నిండా చెర్రీ పళ్ళ జాముతో. అమ్మ గిన్నెని తిప్పి తిప్పి చూసి, "గిన్నె ఉత్తగ ఇయ్యలే చూసినవా, ఈమె మనామెనే," అంది. అమ్మ దృష్టిలో మనుషులు రెండు రకాలు, గిన్నె ఖాళీగా ఇచ్చేవాళ్ళు, ఇవ్వనివాళ్ళు. ఆ రోజు నుంచి ఆవిడ మాకు ఓమా అయిపోయింది. ఓమా అంటే అక్కడ అమ్మమ్మ. ఆవిడని అలా పిలిచేవాళ్ళు మేం తప్ప ఎవరూ లేరని తర్వాత తెలిసింది.

నా స్కూలు ఒంటిగంటకే అయిపోయేది. స్కూలయ్యాక పిల్లల్ని ఉంచుకునే హోర్ట్‌లో సీటు దొరకలేదు. అమ్మకేమో మధ్యాహ్నం జర్మన్ క్లాసు. "కిందా పైనా తిరుగుతూ పాడైపోతుంది, నా దగ్గర ఉంచండి," అని ఓమాయే అడిగింది. అలా రోజూ మూడు గంటలు ఆవిడ వంటింట్లో గడిచేవి. పాలల్లో రవ్వ ఉడికించి పైన ఉడకబెట్టిన చెర్రీలు వేసి ఇచ్చేది. మన పరమాన్నంలాగే ఉండేది, కాకపోతే యాలకులు వేయదు. నేను అమ్మ డబ్బాలోంచి నాలుగు యాలకులు దొంగిలించి తీసుకెళ్ళాను. ఒకటి కొరికి, "సబ్బు," అంది. కానీ మిగతా మూడూ వేసి వండింది.

ఆవిడ ఇంటి గుమ్మానికి లోపలి వైపు చిన్న ఇత్తడి గొట్టం లాంటిది మేకు కొట్టి ఉండేది. బయటకి కనిపించదు. అమ్మ అది చూసి, మనం గడపకి పసుపు పెట్టినట్టు వాళ్ళకిదేమో అంది. నాన్న ఆఫీసులో ఎవరినో అడిగొచ్చి, ఆవిడ యూదురాలని మాకు చెప్పాడు. "ముసలామె ముందర పాత సంగతులు ఎత్తకుండ్రి. గుమ్మం మీద స్వస్తిక్ గిట్ల వేసేరు, జాగ్రత్త," అని అమ్మకి గట్టిగా చెప్పాడు. అమ్మ ఆ మాట జవదాటలేదు. దీపావళికి కూడా పిండితో పువ్వులే వేసింది. చేయకూడని తప్పు ఏదో తెలుసుకున్నాం, చేయలేదు, ఇంక మాకేం భయం అనుకున్నాం.

నా నోరు మాత్రం ఊరుకునేది కాదు. ఆ రోజుల్లో అక్క నాన్నని చాటుగా హిట్లర్ అనేది. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు మా లెక్కల సారు హిట్లర్, పక్కింటి తాత హిట్లర్, గట్టిగా మాట్లాడితే చాలు ఎవడైనా హిట్లరే. ఒకరోజు ఓమా దగ్గర బంగాళాదుంపలు ఒలుస్తూ, "మా నాన్న ఇంట్లో హిట్లర్," అని జర్మన్‌లో అనేశాను. ఆవిడ చేతిలో కత్తి ఆగింది.

"ఏం చేస్తాడు మీ నాన్న?"

"అక్క ఫోన్ లాక్కుంటాడు. ఎనిమిదింటికే పడుకోమంటాడు."

"ఇంకా?"

"అంతే."

ఆవిడ మళ్ళీ దుంప ఒలవడం మొదలుపెట్టింది. "అయితే ఆ పేరు సరిపోదు. ఇంకోటి వెతకండి," అంది. సాయంత్రం నేను ఇంట్లో ఇది చెప్పగానే నాన్న మొహం పాలిపోయింది. అక్క వీపు మీద ఒకటి, నా వీపు మీద ఒకటి పడ్డాయి. ఆ రాత్రే నాన్న పైకి పోయి సారీ చెప్పొచ్చాడు. ఓమా ఆయనకి కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, పిల్లలకి ఎనిమిది మరీ తొందర, ఎనిమిదిన్నర చెయ్యి అని చెప్పి పంపిందట.

ఇప్పుడు నా జుట్టు సంగతి. అప్పట్లో నా జడ నడుం దాటేది. పొద్దున అమ్మకి తీరిక ఉండదు, గబగబా ఒక రబ్బరు బ్యాండు పెట్టి పంపేది. స్కూలు నుంచి వచ్చేసరికి గూడు చెదిరినట్టు ఉండేది. ఓమా ఒకరోజు చూసి చూసి, నన్ను చిన్న స్టూలు మీద తన ముందు కూర్చోబెట్టుకుని దువ్వెన తీసింది. కొబ్బరినూనె వాసనకి మొదట ముక్కు చిట్లించింది. వారం తిరిగేసరికి, "ఆ సీసా తెచ్చావా?" అని తనే అడిగేది. చిక్కు తీసేటప్పుడు కుదుళ్ళ దగ్గర వేళ్ళతో పట్టుకుని కింది నుంచి దువ్వేది, నొప్పి తెలిసేది కాదు. అమ్మ చేతిలో అయితే చుక్కలు కనిపించేవి. రెండు జడలు వేసి, వాటిని తల చుట్టూ కిరీటంలా తిప్పి పిన్నులు పెట్టేది.

"ఇంత బాగా ఎవరు నేర్పారు ఓమా?"

"మా చెల్లికి వేసేదాన్ని. ఇంత జుట్టే. రోజూ పొద్దున. ఒక్క నిమిషం కుదురుగా కూర్చునేది కాదు."

"ఇప్పుడెక్కడుంది?"

"లేదు."

"ఫోటో చూపించు."

"ఫోటో కూడా లేదు. ఒక్కటీ మిగల్లేదు." దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీస్తూ, "మొహం సరిగ్గా గుర్తు రావడం లేదు ఈ మధ్య. చేతులకి మాత్రం జుట్టు గుర్తుంది," అంది. నేను కదలకుండా కూర్చున్నాను. ఆ తర్వాత ఆవిడ జడ వేస్తున్నంతసేపూ కదిలేదాన్ని కాదు. స్కూల్లో రెండు నిమిషాలు కుదురుగా ఉండని దాన్ని, అక్కడ రాయిలా కూర్చునేదాన్ని.

రెండో చలికాలం ఆవిడకి న్యుమోనియా వచ్చింది. ఒక పొద్దున చెప్పుల చప్పుడు వినిపించలేదు. అమ్మ పాలు పెట్టబోయి ఆగి, పైకి పరుగెత్తింది. అంబులెన్సు వచ్చింది, ఆ మెట్ల మీదుగా కుర్చీలో కూర్చోబెట్టి దింపారు. నన్ను చూసి చెయ్యి ఎత్తబోయింది, ఎత్తలేకపోయింది. ఆసుపత్రిలో నర్సు, "మీరేం అవుతారు?" అని అడిగితే, అమ్మ తనకి వచ్చిన జర్మన్ అంతా కూడదీసుకుని, "కింద ఇల్లు. తినే మనుషులం," అంది. ఏం చెప్పాలనుకుందో నాకు తెలుసు, కలిసి తినేవాళ్ళం అని. వేరే ఎవరూ రాలేదు ఆవిడ కోసం. అమ్మ రోజూ ఫ్లాస్కులో మిరియాల చారు తీసుకుపోయేది. నాలుగో రోజు డాక్టరు ఇక ఆశ పెట్టుకోవద్దన్నట్టు మాట్లాడాడు.

మా దేవుడు వంటింటి అలమారలో, కార్న్‌ఫ్లేక్స్ డబ్బా పక్కన ఉండేవాడు. ఆ సాయంత్రం నేను ఆ అలమార తలుపు తీసి, చేతులు జోడించి, పైకే అన్నాను. "ఏడుకొండలవాడా, ఓమాని బతికించు. నా జుట్టు మొత్తం ఇచ్చేస్తా."

వెనకాల అమ్మ విన్నది. "మొత్తమా! మొత్తమని ఎవరు మొక్కమన్నరే నిన్ను?"

"చిన్నపిల్ల మాటలు దేవుడు పట్టించుకోడులే," అన్నాడు నాన్న.

"మొక్కితే మొక్కినట్టే. చిన్నదైతేంది, పెద్దదైతేంది," అంది అమ్మ.

ఓమా బతికింది. మూడు వారాలకి ఇంటికి వచ్చింది, సగమై వచ్చింది కానీ వచ్చింది. ఆ రోజు చెప్పుల చప్పుడు విని నేనూ అక్కా వంటింట్లో ఎగిరాం. మొక్కు సంగతి ఆవిడకి చెప్పొద్దని ఇంట్లో అందరి చేతా ఒట్టు వేయించుకున్నాను. వెళ్ళొచ్చాక ఒక్కసారే చూపించాలి, చూసి ఆశ్చర్యపోవాలి, అదీ నా ఆలోచన. ఆ తెలివి నాదే, ఇంకెవరినీ అనడానికి లేదు.

ఎండాకాలం సెలవులకి ఇండియా పోయాం. మా అమ్మమ్మ కూడా కొండకి వచ్చింది. కళ్యాణకట్ట దగ్గర లైన్లో నిలబడ్డాక ఆమె నన్ను దగ్గరికి తీసుకుని, "ఆడపిల్లకు మూడు కత్తెరలు చాలు బిడ్డా. కొస జుట్టు మూడు కత్తెరలిస్తే స్వామి మొత్తం ఇచ్చినట్టే తీసుకుంటడు," అని నచ్చజెప్పింది. అమ్మ కూడా అదే అంది. నాన్నయితే స్కూల్లో పిల్లలు ఏడిపిస్తారని బతిమాలాడు. నేను ఆ నేల మీదే కూర్చుని మొండికేశాను. "మొత్తం అన్నాను, మొత్తం ఇస్తాను. తక్కువిస్తే ఓమాకి మళ్ళీ జ్వరం వస్తుంది," అని గుక్కపట్టి ఏడ్చాను. లైనంతా చూస్తోంది. చివరికి అమ్మ కళ్ళు తుడుచుకుని, "కానియ్యి," అంది. చల్లటి నీళ్ళు, బ్లేడు గరగర, ఒళ్ళో పడ్డ నల్లటి కుప్ప. నాకు ఏడుపు రాలేదు. తల తేలిగ్గా, లోపల ఏదో గెలిచినట్టుగా ఉంది.

తిరిగి వచ్చిన రోజు దారి పొడుగునా టోపీ పెట్టుకున్నాను. బిల్డింగు తలుపు దగ్గర టోపీ తీసేసి అక్క చేతిలో పెట్టాను. సూట్‌కేసులు ఇంకా మెట్ల మీదే ఉన్నాయి. లడ్డు పొట్లం పట్టుకుని పైకి పరుగెత్తి బెల్లు కొట్టాను.

ఓమా తలుపు తీసింది. నన్ను చూసింది. నేను ఎదురుచూసిన ఆశ్చర్యం కాదు అది. మొహంలో రక్తం మొత్తం దిగిపోయింది. నేను ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేది. రెండేళ్ళలో నేర్చుకున్న జర్మన్ అంతా ఒక్క ఊపులో కుమ్మరించాను. "నీ కోసమే ఓమా! పెద్ద హాలు ఉంటుంది, వందలమందిమి లైన్లో నిలబడ్డాం. ఒక్కొక్కరికీ నంబరు ఇస్తారు. ఆడవాళ్ళకీ పిల్లలకీ అందరికీ గీసేస్తారు. తర్వాత అందరూ స్నానాలకి పోతారు. జుట్టంతా సంచుల్లో నింపి అమ్మేస్తారంట, తెలుసా?"

ఆవిడ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. అంత బలం ఎక్కడ దాచుకుందో. తలుపు గడియ వేసింది, గొలుసు పెట్టింది. పొయ్యి దగ్గర వేలాడే తువ్వాలు తీసి నా తలకి గట్టిగా కట్టింది. కిటికీకి దూరంగా, అలమారకీ గోడకీ మధ్య నన్ను నిలబెట్టి, నా రెండు బుగ్గలూ గిల్లింది. ఎర్రబడేదాకా గిల్లింది. "అడిగితే పదహారు అని చెప్పు. విన్నావా? పదహారు. నిటారుగా నిలబడు. ఏడవకు, ఏడిస్తే చిన్నదానివని తెలిసిపోతుంది." ఆ గొంతు మా ఓమాది కాదు, ఎవరో చిన్న అమ్మాయిది.

బెల్లు మోగింది. అమ్మ. "ఓమా? పిల్ల ఉన్నదా?" ఆవిడ నా నోటి మీద అరచెయ్యి అదిమి పట్టింది. నాకు ఊపిరాడలేదు. భయంతో ఆ చెయ్యి కొరికాను. "అమ్మా!" అని అరిచాను.

చెయ్యి సడలింది. ఆవిడ తన చేతిని చూసుకుంది, నన్ను చూసింది, వంటింటిని చూసింది. మెల్లగా వెళ్ళి గొలుసు తీసింది. అమ్మని చూసి, "ఎందుకు చేశారు ఇది?" అని అడిగింది.

అమ్మకి ఏమీ అర్థం కాలేదు. "మీ కోసం," అంది. "దేవుడు. మీ కోసం."

"నా కోసమా," అంది ఆవిడ. "నేను అడగలేదే. నా కోసం ఏ పిల్లా..." ఆ మాట పూర్తి కాలేదు. నన్ను మెల్లగా గుమ్మం బయటికి నెట్టి తలుపు వేసేసింది. లడ్డు పొట్లం లోపలే ఉండిపోయింది.

ఆ సాయంత్రం నాన్న మా ఇద్దరినీ కూర్చోబెట్టుకుని లాప్‌టాప్ తీశాడు. స్కూల్లో ఇంకా నాజీ క్యాంపుల పాఠం దాకా రాలేదు నేను. ఆయనకి తెలుసు, పుస్తకాల్లో చదివాడు, కానీ గుండుకీ దీనికీ సంబంధం ఆయనకీ తట్టలేదు. ఆ క్యాంపుల్లో యూదుల్ని స్నానాలకని చెప్పి విషవాయువుతో చంపేవాళ్ళని, ఆడవాళ్ళ జుట్టు అమ్ముకునేవాళ్ళని చెప్పి ఒక ఫోటో చూపించాడు, గుట్టలుగా పోసిన జుట్టు, పక్కన సంచులు. ఒక్క క్షణం చూపించి మూసేశాడు. నాకు చాలు. నేను ఆ గుమ్మంలో నిలబడి, నవ్వుతూ, ఆవిడకి ఏం చెప్పానో అప్పుడు అర్థమైంది. వెక్కివెక్కి ఏడ్చాను. అక్క నన్ను ఏడిపించడం మానేసి, ఆ రాత్రి నా పక్కనే పడుకుంది.

మూడు వారాలు ఓమా తలుపు తీయలేదు. అమ్మ గుమ్మం దగ్గర పెట్టొచ్చిన గిన్నెలు కడిగి, అక్కడే పెట్టి ఉండేవి. ఖాళీగా ఉండేవి. అమ్మ ఆ ఖాళీ గిన్నె పట్టుకుని మెట్ల మీదే కూర్చుని ఏడవడం నేను చూశాను.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆవిడే కిందికి దిగి వచ్చింది. వంటింట్లో కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుంది. "పిల్లని నా వెనక కూర్చోమను. నాకు కనపడకుండా," అంది. నేను ఆవిడ వీపు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ గోడతో మాట్లాడినట్టు చెప్పింది, నేను అమ్మకి ముక్క ముక్కగా తెలుగులో చెప్పాను. కొన్ని మాటలు చెప్పలేకపోయాను.

తనకి పదిహేను, చెల్లికి పదమూడు. అమ్మతో సహా రైలెక్కించారు. రెండు రోజులు నీళ్ళు లేవు. దిగిన చోట ఎవరో గుసగుసగా చెప్పారు, పదహారుకి తక్కువైతే బతకనివ్వరు, పిల్లకి పదహారని చెప్పించు అని. తను పదిహేడంది, చెల్లి ఆరోగ్యంగా కనపడాలని బుగ్గలు గిల్లి, పదహారని చెప్పించింది. పొడుగరి, నమ్మారు. వాళ్ళమ్మని ఇంకో వైపు పంపారు, మళ్ళీ చూడలేదు. ఆ తర్వాత గుంపులో అక్కాచెల్లెళ్ళు విడిపోయారు. బట్టలు తీయించారు, జుట్టు గీశారు, ఎవరివో బట్టలిచ్చారు. బయట వరుసల్లో నిలబెట్టారు.

"ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. గుండు, పెద్ద కళ్ళు, మోకాళ్ళు దాటిన గౌను. గొంతు బొంగురుపోయింది, ఏదో అంటోంది. ఎవరో పిచ్చిపిల్ల అనుకున్నాను. నేను మా చెల్లి కోసం వెతుకుతున్నాను, ఈ పిల్ల అడ్డం వస్తోంది. నెట్టేశాను. పో, నీ వాళ్ళని వెతుక్కో అన్నాను. అది నన్ను చూస్తూ నిలబడిపోయింది. కాపలా ఆడమనిషి ఒకతె వచ్చి దాన్ని లాగి ఇంకో వరుసలో పడేసింది. ఆ వరుస కదిలింది. నడుస్తుంటే చూశాను, పాదాలు లోపలికి తిప్పి నడుస్తోంది. మా చెల్లి అలాగే నడిచేది. అరిచాను. వెనక్కి తిరగలేదు. వినపడలేదో, కోపమొచ్చిందో."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"యుద్ధం అంతా అయ్యాక ఈ ఊరికే తిరిగి వచ్చాను. మా ఇల్లు బాంబులకి పోయింది. అందరూ నన్ను వేరే దేశం పొమ్మన్నారు. ఒకవేళ అది బతికి ఉంటే ఎక్కడికి వస్తుంది? ఈ ఊరికే కదా. అందుకని ఉండిపోయాను." ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఆ రోజు తలుపు తీయగానే నిన్ను గుర్తుపట్టాను. జుట్టు లేకపోయినా. కింది ఇంటి పిల్లని, ఒక్క చూపులో. అదే నేను భరించలేకపోతున్నాను."

లేచింది. నావైపు తిరగకుండానే, "నీ తప్పేం లేదు. కానీ ఇప్పుడు నిన్ను చూడలేను. చెవులు కప్పేంత పెరిగాక రా. అది చాలు," అంది.

ఇంక నా జీవితానికి ఒకటే పని, జుట్టు పెంచడం. కొబ్బరినూనె, మందారాకు పొడి, ఎవరు ఏది చెబితే అది. ఉల్లిపాయ రసం రాసుకుని స్కూలుకి పోతే నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆదివారం అన్నలు 'సెంటీమీటర్ అమ్మాయ్' అని పిలిచేవాళ్ళు. అమ్మ మళ్ళీ పైకి పోవడం మొదలుపెట్టింది, చారు తీసుకుని. ఓమా రోజూ ఒకటే అడిగేదట, "ఎంత పెరిగింది?" అమ్మ రెండు వేళ్ళు దూరం పెట్టి చూపించేది. గిన్నెలు మళ్ళీ నిండుగా తిరిగొచ్చేవి. నేను మాత్రం కింద మంచం మీద పడుకుని సీలింగు చూస్తూ, ఆ చెప్పులు వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి పోవడం వినేదాన్ని. రోజురోజుకీ ఆ నడక మెల్లబడుతోంది. నాకు వినిపించలేదని కాదు.

చలికాలం చివరికి జుట్టు చెవులు కప్పింది. అమ్మ పైకి పోయి వచ్చి, "పంపియ్యమంటున్నది. చాలంట," అంది.

నేను అద్దం ముందు నిలబడ్డాను. జుట్టు నిక్కబొడుచుకుని, ముళ్ళపందిలా ఉంది. "ఇప్పుడే వద్దు. జడ రాదింకా."

"జడ ఎందుకే? ఆమె నిన్ను చూస్తనంటున్నది."

"రెండు నెలలాగితే చిన్న జడలైనా వస్తాయి. అప్పుడు నూనె సీసా తీసుకుని పోతా. స్టూలు మీద కూర్చుంటా, తనే వేస్తుంది. అలా పోతా."

"ఆమె పిలుస్తున్నది గదనే బిడ్డా."

"ఇంకొంచెం ఆగమను అమ్మా."

అమ్మ ఆ మాటే చెప్పింది. ఓమా నవ్విందట. సరే, ఆగుతాను అందట. ఆ తర్వాతి వారం మళ్ళీ పిలిచింది. నేను మళ్ళీ ఇంకొంచెం అన్నాను.

ఏప్రిల్‌లో మా క్లాసుని ఐదు రోజులు కొండల్లోకి టూరు తీసుకెళ్ళారు. శుక్రవారం బస్సు దిగేసరికి స్కూలు గేటు దగ్గర అమ్మ ఉంది. ఎప్పుడూ అక్క వచ్చేది. అమ్మ మొహం చూడగానే బ్యాగు అక్కడే వదిలేశాను. "బుధవారం పొద్దున చప్పుడు రాలే బిడ్డా," అంది అమ్మ. ఇంకేమీ అనలేదు, నన్ను పట్టుకుని అక్కడే రోడ్డు మీద ఏడ్చింది.

ఆదివారం ఖననం. యూదుల శ్మశానానికి పోయేముందు అమ్మ నాకు తల దువ్వింది. నేనే అడిగాను, రెండు జడలు కావాలని. అమ్మ ఎన్ని పిన్నులు పెట్టినా నిలవలేదు, చెవుల పక్కన రెండు పిలకలు, వేలెడంత కూడా లేవు. అలాగే వెళ్ళాను. నలుగురు ముసలివాళ్ళు, మేం నలుగురం, ముగ్గురు అన్నలు. ఒక పెద్దాయన నా చేతికి చిన్న పార ఇచ్చి, మట్టి వేయమన్నాడు. వేశాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "బంధువులా?" అని అడిగాడు. అమ్మ అవునంది.

ఎన్నేళ్ళయినా నాకు ఒక్కటే లెక్క. నాకూ ఆవిడకీ మధ్య ఉన్నవి పద్దెనిమిది మెట్లు. చూడలేనని మొహం తిప్పుకున్న మనిషి, చూస్తానని తనే నోరు తెరిచి పిలిచింది, ఒకసారి కాదు, రెండుసార్లు. తలుపు గడియ కూడా తీసి పెట్టే ఉంచేదని అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. నేను వెళ్ళలేదు.